ఎర్ర గడి లేని జనవరి

అది మొదలైంది ఒక శనివారం పొద్దున ఏడుంబావుకి. ఏప్రిల్ నెల. సంవత్సరం రాయను, రాస్తే నా వయసు కట్టి చెప్పేవాళ్ళు ఈ ఇంట్లో ఇద్దరున్నారు. నేను బడిసంచీ భుజాన వేసుకుని, మత్రా రేవు వెనక సందులో మా గుమ్మం దిగుతున్నాను. ఎదురింటి గుమ్మం మీద నా ఈడు పిల్ల ఒకతె పసుప్పచ్చ గౌను తొడుక్కుని, రెండు జడలకీ తెల్ల రిబ్బన్లు కట్టుకుని, బడికి పోవాలన్న తొందరేమీ లేకుండా కూర్చుని ఉంది. చేతిలో నూనెలో పొంగిన వేడి రొట్టె. కొబ్బరిపాలూ ఏలకులూ కలిసిన వాసన సందు దాటి మా గడప దాకా వచ్చింది.

"బడి లేదా?" అన్నాను.

"ఇవాళ మాకు సెలవు," అంది.

ఆ రోజు మస్కట్‌లో ఎవరికీ సెలవు లేదు. మా నాన్న డ్యూటీకి వెళ్ళిపోయాడు, దుకాణాలు తెరిచారు, రేవులో బస్తాలు దింపుతున్నారు. ఆ "మాకు" అన్న మాట దగ్గరే నా అసూయ మొదలైంది.

ఇన్నేళ్ళకి, మొన్న గురువారం సాయంత్రం నాలుగూ పదికి, మస్కట్‌లోనే బౌషర్ పేటలో మా అమ్మాయి ఫ్లాట్‌లో, అదే వాసన వంటింటి కిటికీలోంచి వచ్చింది. జాతీయ దినోత్సవం సెలవులు వారాంతంతో కలిసొచ్చాయి. పై అంతస్తులో ఉండేది జాంజిబార్ నుంచి వచ్చిన ఒమానీ కుటుంబం. మా ఇంట్లో పనిచేసే కడప ఆవిడ గిన్నెలు తోముతూ తల పైకెత్తింది.

"పైనోళ్ళు ఏందో ఏపుతాండారు మా. పొద్దన్నించీ మనుషులే మనుషులు. వాకిట్లో చెప్పులు జూస్తే మసీదు కాడ ఉన్నట్టుండాయి."

"ఎన్ని జతలు?" అన్నాను.

"నేనేం లెక్కబెట్టలా. మీరైతే లెక్కబెట్టుంటారు."

"సెలవులు కదా. కొడుకులూ కూతుళ్ళూ అందరూ వచ్చుంటారు."

"మనకేడ సెలవు మా? ఈడ పండగంటే నాకు రెండింతల పని. మా ఇంట్లో పండగ ఫోన్‌లో సూసుకోవల్ల."

ఆవిడ ఆ మాట కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. కోపం నాకు వచ్చింది. కిటికీ వేసెయ్యమన్నాను. వేసినా వాసన ఆగలేదు.

అప్పటి మా ఎదురింట్లో ముగ్గురు, ముగ్గురూ ఆడవాళ్ళే. ఆ పిల్ల, వాళ్ళమ్మ, నాయనమ్మ. నాయనమ్మని వాళ్ళ భాషలో బీబీ అంటారు; సందులో పిల్లలందరికీ ఆవిడ బీబీయే. ఎప్పుడో వాళ్ళ తాతముత్తాతలు ఇక్కణ్ణుంచి ఓడెక్కి, ఆఫ్రికా తూర్పు తీరాన జాంజిబార్ దీవికి వెళ్ళి లవంగం తోటలు వేశారట. తరాల తరబడి అక్కడే పుట్టి పెరిగి, మేము మస్కట్ రావడానికి కాస్త ముందు వీళ్ళు ఇక్కడికి తిరిగొచ్చారు. వాళ్ళ అరబ్బీ విని సందులో అరబ్బులే నవ్వేవారు. ఇంట్లో మాట్లాడుకునేది స్వాహిలీ. ఆ పిల్లకి సినిమాహాల్లో నేర్చిన హిందీ, నాకు బడిలో నేర్చిన హిందీ. మా ఇద్దరికీ అది చాలింది.

వాళ్ళ బట్టల పెట్టె తెరిస్తే లవంగాల వాసన. పలావులో లవంగాలు, టీలో లవంగాలు. బీబీ పెద్ద పెద్ద పూలున్న గుడ్డలు రెండు, ఒకటి నడుముకీ ఒకటి తలమీంచీ కప్పుకుని, చిన్న పీట మీద కూర్చుని కొబ్బరి కోరేది. వాళ్ళమ్మ పొద్దస్తమానం మగవాళ్ళ టోపీల మీద దారంతో చిన్న చిన్న కన్నాలు కుట్టేది. మాట తక్కువ. ఆవిడ కుట్టిన టోపీ పెట్టుకోవడానికి ఆ ఇంట్లో మగవాడు లేడు.

"మా నాన్న అక్కడే తోట చూసుకుంటున్నాడు," అంది ఆ పిల్ల. "సెలవు దొరగ్గానే వస్తాడు."

వాళ్ళ నడవలో ఒక క్యాలెండర్ వేలాడేది. అక్కడే ఉండిపోయిన మేనత్త ఏటా పంపేది. ఆ దేశపు సెలవులన్నీ అందులో ఎర్ర గళ్ళలో ఉండేవి: రంజానూ, బక్రీదూ, ప్రవక్త పుట్టినరోజూ, కిరస్తానీల పండుగలూ, కార్మికుల రోజూ, రైతుల రోజూ, జెండా పండుగలూ. ఆ పిల్లకి అవన్నీ కంఠతా వచ్చు. ఎర్ర గడి వచ్చిన ప్రతిరోజూ పసుప్పచ్చ గౌను తొడుక్కుని గుమ్మం మీద కూర్చునేది. బీబీ ఏమీ అనకుండా రిబ్బన్లు కట్టి, ఆ రొట్టెలు వేపి ఇచ్చేది. వాటిని మందాజీ అనేవారు.

నేను లెక్కలు అడగకుండా ఉండలేను. అప్పుడూ అంతే.

"సెలవు ఒక్కరోజే కదా. అక్కణ్ణుంచి ఓడ రావడానికి వారం పైన పడుతుందిట. ఎలా వస్తాడు?"

"త్వరగా వస్తాడు," అంది.

"క్రిస్మస్‌కి కూడా గౌను వేస్తావా? అది మీ పండుగ కాదు."

"సెలవు అందరికీ ఇస్తారు. నీకు తెలీదు."

నాకు తెలీదు నిజమే. మాకు ఒక్క ఎర్ర గడీ లేదు. ఉగాదికి అమ్మ వేపపువ్వు సంపాదించి పచ్చడి చేస్తే, నాన్న నిలబడే రెండు చెంచాలు తిని పరిగెత్తేవాడు. నాన్నది పెద్దాసుపత్రి మందుల స్టోర్లో ఉద్యోగం. వినాయకచవితికి ఆయన ఇంటికొచ్చాకే మాకు పూజ. ఎదురుచూడ్డానికి కూడా వీల్లేదు. రోజూ రెండున్నరకి గడియారం చూసుకోనక్కర్లేనంత కచ్చితంగా వచ్చేవాడు. రోజూ ఇంటికొచ్చే తండ్రి కోసం గౌను వేసుకుని గుమ్మంలో కూర్చుంటే సందులో నవ్వుతారు.

ఒకసారి ప్రయత్నించాను. కాకినాడ నుంచి మా మావయ్య పంపిన తెలుగు క్యాలెండర్లో ఒక మంగళవారం చుట్టూ నాన్న ఎర్రసిరా తీసుకుని నేనే గడి గీసి, పొద్దున్నే పట్టుపావడా కట్టుకుని బడికి వెళ్ళనన్నాను.

"ఏంటే ఈ వేషం?" అంది అమ్మ.

"ఇవాళ మన పండగ."

"నాకు తెలీకుండా మన పండగ ఎప్పుడొచ్చిందే? ఏ దేవుడిది?"

"దేవుడిది కాదు. సెలవు."

"ఏవండీ, మీ అమ్మాయి కొత్త పండగ కనిపెట్టింది. ప్రసాదం ఏం చెయ్యాలో కూడా చెబుతుందేమో అడగండి," అని అమ్మ లోపలికి కేకేసింది. నాన్న వచ్చి క్యాలెండర్ చూసి, నన్ను చూసి, "గీత వంకర పోయింది. స్కేలు పెట్టుకోవాల్సింది," అన్నాడు. అయిదు నిమిషాల్లో నేను యూనిఫాంలో ఉన్నాను.

సాయంత్రం ఎదురింటి పిల్లతో ఇవాళ మాకూ సెలవేనని చెప్పాను.

"ఎవరొచ్చారు?" అంది.

"ఎవరూ రాలేదు."

"మరి సెలవెందుకు?"

నేను గవ్వలు తీసి నేల మీద పరిచాను.

నాకు కావలసింది గౌను కాదు, రొట్టె కాదు. రొట్టె బీబీ నాకూ పెట్టేది, గుడ్డలో చుట్టి మా ఇంటికి పంపేది. ఆ గుమ్మం మీద, ఎర్ర గడి రోజున, ఆ పిల్ల పక్కన నన్ను కూర్చోనివ్వాలి. మామూలు రోజుల్లో ఇద్దరం ఆ గుమ్మం మీదే గవ్వలాడేవాళ్ళం. ఎర్ర గడి రోజున మాత్రం నన్ను రానిచ్చేది కాదు.

"ఇద్దరుంటే ఎవరు నేనో మా నాన్నకి ఎలా తెలుస్తుంది? నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు చూశాడు," అనేది.

అది సబబైన మాటే. అందుకే ఇంకా మండేది. మా గుమ్మం మీద నేను, వాళ్ళ గుమ్మం మీద తను. మధ్యన నాలుగడుగుల సందు. సందు మొదట్లో ఎవరి అడుగుల చప్పుడైనా వినిపిస్తే ఆ పిల్ల వీపు నిటారుగా అయ్యేది. నా వీపు కూడా అయ్యేది. ఎవరో నీళ్ళవాడు, ఎవరో చేపలవాడు. ఆ పిల్ల మళ్ళీ రొట్టె కొరుక్కునేది. ఆ ఎదురుచూపు నాకు ఎవరిస్తారు?

ఆ ఏడాది బక్రీద్ డిసెంబర్ మధ్యలో పడింది. బీబీ మా కోసం మాంసం కలవని పలావు విడిగా చిన్న గిన్నెలో వండింది. తినడానికి వెళ్ళినప్పుడు చూశాను: కొత్త సంవత్సరం క్యాలెండర్ వచ్చింది, అప్పుడే మేకుకి తగిలించారు. మొదటి కాగితం ఫిబ్రవరి. పైన జనవరి చింపేసిన పీలికలు ఉన్నాయి.

"జనవరి ఏది?" అన్నాను.

ఆ పిల్ల భుజాలు ఎగరేసింది. "మాకు జనవరి ఉండదు. ఏటా బీబీ చింపేస్తుంది. అందులో సెలవుల్లేవు, గోడకి దండగ అంటుంది."

బీబీ కొబ్బరి కోరుతూనే ఉంది. వాళ్ళమ్మ సూది ఆగింది, మళ్ళీ నడిచింది.

పన్నెండు నెలలుండాల్సిన చోట పదకొండు ఉంటే నాకు నిద్రపట్టదు. వారం తిరక్కుండా అమ్మతో కలిసి మత్రా బజార్లో మసాలా దుకాణానికి వెళ్ళాను. ఆ గుజరాతీ సేఠ్ లవంగాలు ఆ దీవి నుంచే తెప్పిస్తాడు; ఆయన గల్లాపెట్టె వెనక అదే క్యాలెండర్ ఉంది. అమ్మ ధనియాలు వాసన చూస్తుంటే నేను అడిగి దింపించుకుని చూశాను. జనవరి పన్నెండు. ఎర్రగా ఉంది.

"ఇదేం పండుగ, సేఠ్?"

"అక్కడ పెద్ద సెలవు, బేటీ. జెండాలూ కవాతులూ," అని ఆయన తూకం వైపు తిరిగాడు.

ఇంటికి వచ్చేలోపే నా లెక్క నాకు తేలిపోయింది. అన్నిటికంటే పెద్ద సెలవును కాగితం చింపి దాచారంటే, ఆ రోజే వాళ్ళ నాన్న వస్తాడు. ఆ పిల్లకి కూడా చెప్పకుండా ఆశ్చర్యపరచాలని దాచారు. ఆ రోజు ఆ ఇంట్లో విందు ఉంటుంది, నాకు పిలుపు ఉండదు. మిగతా ఎర్ర గళ్ళకి నన్ను దూరంగా కూర్చోబెట్టారు, దీనికి అసలు లేకుండానే చేశారు. నేను ఎవరికీ చెప్పకుండా ఆ తారీఖు కోసం చూశాను. జీవితంలో మొదటిసారి నాకూ ఒక ఎదురుచూపు దొరికింది.

పన్నెండో తారీఖున మా ఇంట్లో అరిసెలు. భోగికి ముందే వండి పెట్టుకుంటే గాని మూడు రోజుల పండుగ నాన్న డ్యూటీల మధ్య ఇరికించడం అమ్మకి కుదిరేది కాదు. బెల్లం పాకం, నువ్వులు, నెయ్యి. చేతులు కాల్చుకుంటూ అమ్మ అరిసెలు నొక్కుతోంది. సాయంత్రం నాలుగింటికి నేను పట్టుపావడా కట్టుకుని, స్టీలు డబ్బాలో కొన్ని సర్దుకున్నాను.

"ఎక్కడికే?"

"ఎదురింటికి."

"పట్టుపావడాతోనా? నూనె మరక చేశావో చంపేస్తాను. బీబీకి వేడివి ఇవ్వు, పైన పెట్టినవి."

ఎదురింటి వంటింట్లో పొయ్యి వెలిగిన వాసన లేదు. ఆ పిల్ల గుమ్మం మీద మామూలు బట్టల్లో, విసుగ్గా గవ్వలు ఎగరేసుకుంటోంది. పొద్దున్నుంచీ ఏమీ వండలేదట, బీబీ గదిలో తలుపేసుకుని తస్బీ పూసలు తిప్పుతోందట, వాళ్ళమ్మకి తలనొప్పట.

"గౌను వేసుకోలేదేం?" అన్నాను.

"ఎందుకు?"

"ఇవాళ ఎర్ర గడి."

"జనవరిలో లేవు."

"ఉంది. సేఠ్ దుకాణంలో చూశాను. పన్నెండు. అన్నిటికంటే పెద్ద సెలవట. అందుకే చింపేశారు. మీ నాన్న ఇవాళ వస్తాడు, నీకు చెప్పలేదు."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. అబద్ధమాడటం నాకు చేతకాదని దానికి తెలుసు. లేచి లోపలికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి పసుప్పచ్చ గౌను, వెనక గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంది. రిబ్బన్లు తనే కట్టుకుంది, ఒకటి పైకీ ఒకటి కిందకీ. గుమ్మం మీద ఒక పక్కకి జరిగి, రాతి మీద చేత్తో తట్టింది.

"నువ్వు చెప్పావు కాబట్టి కూర్చో. కానీ అడుగులు వినిపిస్తే తల వంచుకో. ముందు నన్నే చూడాలి."

కూర్చున్నాను. డబ్బా ఇద్దరి మధ్య. రేవు వైపు నుంచి గాలి, చేపల వాసన, ఎక్కడో బండి హారన్. ఆ పిల్ల మోకాలు నా మోకాలికి తగులుతోంది. నీళ్ళవాడు వచ్చాడు, నేను తల వంచాను. పక్క సందు ఆవిడ వచ్చింది, తల వంచాను. అరగంట అయ్యుంటుంది. ఆ అరగంటలో నాకు ఎవరిమీదా అసూయ లేదు.

వెనక తలుపు తెరుచుకుంది. బీబీ. నమాజుకి నీళ్ళు తీసుకోవడానికి వచ్చినట్టుంది, చేతిలో చెంబు ఉంది. పసుప్పచ్చ గౌనునీ రిబ్బన్లనీ చూసింది. ఆవిడ అరవలేదు. చెంబు కింద పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా గుమ్మం మీద కూర్చుంది.

"ఇవాళ ఎందుకు కట్టుకున్నావు?" అని అడిగినట్టుంది, వాళ్ళ భాషలో. ఆ పిల్ల నన్ను చూపించింది. బీబీ నా వైపు చూసింది. నేను వచ్చీరాని అరబ్బీలో, "పండుగ శుభాకాంక్షలు, బీబీ," అని డబ్బా చాచాను. ఆవిడ డబ్బా తీసుకుంది. పక్కన పెట్టింది.

తర్వాత ఆ పిల్ల తల దగ్గరికి లాక్కుని రిబ్బన్ విప్పింది. మొదటిది, తర్వాత రెండోది. రెండూ చుట్టచుట్టి గుప్పిట్లో పెట్టుకుంది. చెవిలో ఏదో చెప్పింది, కొద్ది మాటలే. ఆ పిల్ల ఒక ప్రశ్న అడిగింది. బీబీ తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. లోపల్నుంచి వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చింది, చేతిలో టోపీ అలాగే ఉంది. ముగ్గురూ లోపలికి వెళ్ళారు. తలుపు మూశారు. గుమ్మం మీద నేనొక్కదాన్నే ఉన్నాను.

మా మేడ మీంచి వాళ్ళ పెరడు కనిపిస్తుంది. ఎక్కి చూశాను. చుట్టుపక్కల ఆడవాళ్ళు నల్ల ముసుగుల్లో ఒక్కొక్కరూ వస్తున్నారు. ఆ పిల్ల బీబీ ఒళ్ళో ఉంది. వచ్చిన ప్రతి ఆవిడా వంగి దాని తల ముద్దుపెట్టుకుంటోంది. వాళ్ళమ్మ దాని పాదాలు పట్టుకుని కూర్చుంది. అంతమంది ఒక్కసారి నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు. ఏం జరిగిందో నాకింకా తెలీదు, కానీ ఆ ఒడిని చూసి నాకు కడుపు మండింది. తెలిశాక కూడా ఆ మంట తగ్గలేదు. ఇది నేను దాచను.

మర్నాడు నాన్న ఆసుపత్రిలో ఎవరినో అడిగి తెలుసుకుని వచ్చాడు. అమ్మ అన్నం వడ్డిస్తూ నిలబడిపోయింది.

"కొన్నేళ్ళ కిందట అదే తారీఖున ఆ దీవిలో ప్రభుత్వాన్ని పడగొట్టారుట. అరబ్బుల ఇళ్ళ మీద పడి చంపారుట. ఈ పిల్ల తండ్రిని తోటలోనే... అప్పటికిది పాలుతాగే పిల్ల. కొత్త ప్రభుత్వం వచ్చిన రోజు కాబట్టి వాళ్ళకది జెండా పండుగ."

"ఇన్నేళ్ళూ పిల్లకి చెప్పలేదా అండీ?"

"ఏ రోజు చెబుతారు? రోజూ అడిగే పిల్లకి ఈసారి సెలవు దొరకలేదమ్మా అనడమే తేలిక."

"అయితే మనది చెప్పేసిందన్నమాట."

"ఇది తారీఖు చెప్పింది. అంతే," అన్నాడు నాన్న. నా వైపు చూడలేదు. నేను అన్నం తిన్నాను. అరిసెలు మాత్రం ఆ ఏడు ఎవరం పెద్దగా తినలేదు.

తర్వాత ఆ నడవలో క్యాలెండర్ తీసేశారు. ఆ పిల్ల ఏ రోజూ గుమ్మం మీదకి రాలేదు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం వాళ్ళ మేడ మీద బట్టలు తీస్తూ కనిపించింది. నేను మా పిట్టగోడ దగ్గరికి వెళ్ళాను.

"తారీఖు తప్పు కాదు," అన్నాను. "నేను సరిగ్గా చూశాను."

"తెలుసు," అంది. బట్టలు మడత పెట్టడం పూర్తి చేసింది. "నువ్వు చెప్పకపోయి ఉంటే మా నాన్న ఇంకా వస్తూ ఉండేవాడు."

అదే చివరి మాట. ఎండలు ముదరకముందే వాళ్ళు ఇబ్రి అనే లోపలి ఊరికి వెళ్ళిపోయారు. అక్కడ వాళ్ళ పాత బంధువుల ఖర్జూరపు తోటలు ఉన్నాయట. లారీ ఎక్కేటప్పుడు బీబీ మా అమ్మ చేతులు పట్టుకుంది, నా బుగ్గ తట్టింది. ఆ పిల్ల డ్రైవర్ పక్కన కూర్చుని ముందుకే చూసింది.

నాన్న కాంట్రాక్టు అయిపోయి మేమూ ఇండియా వచ్చేశాం. పెళ్ళయ్యాక, లెక్కల టీచరుగా మళ్ళీ ఈ దేశానికే వచ్చాను. ఒకసారి మా ఆయనకి ఇబ్రిలో సైట్ పని పడితే కూడా వెళ్ళి, అడిగి అడిగి ఆ ఇల్లు పట్టుకున్నాను. అది ఈద్ మర్నాడు. వాకిట్లో కార్లు, పిల్లలు, మసాలా పట్టించిన మాంసం గొయ్యిలోంచి తీస్తున్న పొగ. తెరిచిన గేటులోంచి ఒకావిడ కనిపించింది, నా వయసే. ముగ్గురు మగపిల్లలు ఆవిడ కొంగు పట్టుకుని లాగుతున్నారు. ఒకాయన పళ్ళెం అందిస్తూ ఏదో అంటే ఆవిడ నవ్వుతోంది. ఆ నిటారైన వీపు నాకు తెలుసు.

"దిగవా?" అన్నాడు మా ఆయన.

"పిలవలేదు కదా," అన్నాను. ఆయన బండి తిప్పాడు.

పోయినవి రాసుకుంటే ఇవి. ఆ పిల్లకి, ప్రతి సెలవుకీ రాబోయే తండ్రి. వాళ్ళమ్మకి, కూతురు అడగకుండా గడిచే జనవరులు. బీబీకి, అన్నేళ్ళు కాపాడుకున్న ఒక మాట. మా అమ్మకి, ఒక స్టీలు డబ్బా. అది తిరిగి అడగలేదు. నాకు, ఆ గుమ్మం మీద సగం చోటు.